గౌలిపుర పెరట్లో ఏనుగు

ఏనుగు పడి పాడైన తోటలు ఎన్నో ఉంటాయి. లేని ఏనుగు పడి పాడైన తోట మాత్రం లోకంలో నాదొక్కటే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను. నవ్వుకోండి, మీదేం పోయింది!

ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అంటారు. గౌలిపురలో నా ఇల్లు ఇరకాటమే గాని, ఆలి అసలు ఇంట్లోనే లేదు. పెళ్లయి ఏడాదైనా సైదాబాద్ మామగారు సుగుణను కాపురానికి పంపలేదు.

"మా పిల్ల తోటల వెరిగింది అల్లుడా. నీ అగ్గివెట్టెల ఎట్లుంటది? జర ఎక్కువ జాగ ఉన్న ఇల్లు చూడు, పంపుత" అన్నాడు.

అగ్గిపెట్టెట! వెనక నాలుగు మంచాలు పట్టే పెరడుంది, కనపడలేదా?

నవాబుల దేవిడీలు, ఆ పెద్ద పెద్ద భవంతులు, ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. అట్లా పని పోయిన ఓ ముసలి తోటమాలి చార్మినార్ దగ్గర నేనిప్పించిన చాయ్ తాగి ఉపదేశం చేశాడు.

"దూరమున్నది చిన్నగ కనిపిస్తది గదా సాబ్? చిన్నది వెట్టు, దూరం కనిపిస్తది. దీవార్ మాత్రం, గోడ మాత్రం కనిపించొద్దు."

ఇంకేం! వెనక వసారా ముందు జామచెట్లు ఎలాగూ ఉన్నాయి. వాటి వెనక నడుమెత్తు దానిమ్మలు, చివర మోకాలెత్తు నిమ్మలు నాటాను. పెరగబోయిన కొమ్మనల్లా కత్తిరించాను. వానలకు కూలిన వెనక గోడను కట్టించకుండా గోరింట కంచె వేశాను.

అవతల పాలమల్లయ్య మొత్తుకున్నాడు. "సారూ, గోడ గట్టు. నా బర్రె మంచిది గాదు."

"గోడ గడితే తోట ఆడనే ఆగుతది మల్లన్నా!"

"ఆగాలె గద సారూ!"

వింటేగా నేను!

మామగారు వచ్చి వసారాలో కూర్చుని, చూసి, నోరు తెరిచాడు. "మస్తున్నది అల్లుడా! ఆ కొసకు ఎంత దూరముంటది?"

"శాన దూరం మామా. ఎండల ఎందుకు, కూసోండ్రి."

"శుక్రవారం మంచిది. సుగుణను తోల్కొస్త."

నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే గోరింట కంచె కదిలింది. నిమ్మచెట్ల మీదుగా నల్లటి వీపు లేచింది. మామగారు చాయ్ వదిలేసి లేచాడు.

"అల్లుడా! చెట్లకంటె ఎత్తున్నది! తోటల ఏనుగు వడ్డది!"

ఏం చెప్పమంటారు? బర్రె అంటే తోట చిన్నదైపోతుంది. తోట పెద్దదంటే అది ఏనుగే కావాలి.

"ఏనుగే మామా! గౌలిపురల అప్పుడప్పుడు వస్తుంటయి" అన్నాను.

శాన దూరంలో ఉన్న ఆ ఏనుగు నిమ్మలు, దానిమ్మలు మేసి, నాలుగే అడుగుల్లో వసారా చేరి, మామగారి కండువా అందుకుని "అంబా" అంది.

"గిదా నీ ఏనుగు!" అని మామగారు కత్తిరించిన మోళ్లను ఒకసారి చూసి, సగం కండువాతో సైదాబాద్ వెళ్లిపోయాడు. నా కాపురం బర్రె పాలైందని ఆ తర్వాత మూడు రోజులూ అన్నం సహించలేదు.

శుక్రవారం రిక్షాలోంచి మామగారు దిగాడు. వెనకే పెట్టెతో సుగుణ!

"నా కోసం చెట్లను గూడ పెరగనియ్యలేదంట గద, బాపు చెప్పిండు! 'ఇంకేం జాగ చూస్తవు బాపూ, నేను వోత' అన్న" అంది నాతో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత ఆమె బోసిపోయిన పెరట్లోకి తొంగిచూసింది. "ఇరుకు ఇరుకంటివి, గింత జాగున్నదేంది బాపూ!"

ఎనిమిది నెలలు కత్తెర పట్టి నేను చేయలేనిది, ఆ బర్రె ఒక్క పూటలో చేసింది!

ఆనాడే దాని కొమ్ము పట్టుకుని ఒట్టేశాను. చిన్న తోటను పెద్దగా చూపే పని ఈ జన్మలో మళ్లీ ముట్టను. అది చేతనైన వాళ్లకే, అంటే మల్లయ్య బర్రెకే వదిలేస్తాను.