పెరటికి పిలిచిన పాలపిట్ట

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో మనిషికి లోకమంతా తన సంతకం కోసమే ఆగి ఉన్నట్టు అనిపిస్తుంది. నాకైతే లక్సెట్టిపేటలో కనిపించిన ప్రతి కరెంటు తీగా నా సొంత ఆస్తిలాగే ఉండేది. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా మొదటి పోస్టింగు. (పనంతా లైన్‌మన్‌దే. నెత్తిన టోపీ పెట్టుకుని కింది నుంచి పైకి చూడడం నా వంతు.) అద్దెకు దొరికిన గది వెనక పెద్ద పెరడు, అందులో జామచెట్టు, ప్రహరీ దాటితే పత్తి చేను. ఇంటాయనను వాడకట్టంతా బాపు అనేది, ఆయన భార్యను అవ్వ అనేది. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

నా వంట సంగతి చెప్పకూడదు గానీ, చెప్పకపోతే కథ నడవదు. అన్నం వండితే ఒకరోజు పలుకు, ఒకరోజు పాయసం. తినగా మిగిలింది, అంటే దాదాపు అంతా, పెరట్లో రాతి మీద వేసేవాణ్ణి. గోరింకలు, పిచ్చుకలు, కాకులు, పావురాలు, ఉడుతలు బంతికి వచ్చినట్టు వచ్చేవి. నా వంటకు వంక పెట్టని ప్రాణులు లోకంలో అవే. వెనక అరుగు మీద కుర్చీలో కూర్చుని బాపు ఈ వైభోగమంతా చూసేవాడు. ఆ వానాకాలం పొలం ఒడ్డు మీద జారి పడి ఆయన తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, అతుక్కుంది కూడా. రోజూ వాకర్ పట్టుకుని నడవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. బాపు మాత్రం దాన్ని ముట్టలేదు. నలుగురి ముందు నాలుగు కాళ్ల బండి తోసుకుంటూ తిరగడం ఆయనకు తల కొట్టేసినట్టుగా ఉండేది. ఇలాగే కూర్చుంటే కాళ్లు కట్టెలైపోతాయని అవ్వ ఏడవని రోజు లేదు.

వానలు వెనకబట్టాక మా పెరట్లోకి పాలపిట్ట వచ్చింది. ఎప్పుడో బావి మోటారు కోసం లాగి, తర్వాత వాడకం మానేసిన పాత తీగ ఒకటి పెరటి మీదుగా వేలాడుతుండేది. దాని మీద దర్జాగా కూర్చునేది. నేను మర్యాద చేయబోయాను. అన్నం వేస్తే చూడలేదు. పేలాలు వేస్తే గోరింకలు తిన్నాయి. పల్లీలు వేస్తే ఉడుతలు ఎత్తుకెళ్లాయి. అరటిపండు పెడితే అవ్వ చూసి, అదేదో తనకు పెడితే పుణ్యమన్నా వచ్చేదని అన్నది. చివరికి ఒక పొద్దున అది తీగ మీది నుంచి గడ్డిలోకి దూకి మిడతను పట్టుకుపోవడం చూశాక నాకు జ్ఞానోదయమైంది. ఆనాటి నుంచి ఆఫీసు వదలగానే స్వీటు డబ్బా పట్టుకుని చేను గట్టున మిడతల వెంట గంతులు వేయడం నా దినచర్య. తెచ్చి రాతి మీద వదిలితే మహారాణిలా దిగి తినిపోయేది. కరెంటోళ్లకు గిదేం డ్యూటీ అని దారిన పోయేవాళ్లు నవ్వుకునేవారట.

దసరా దగ్గరపడింది. మా వైపు దసరా సాయంత్రం ఊరి బయటికి పోయి పాలపిట్టను చూడందే పండుగ పూర్తికాదు. ఏటా వాడకట్టును ముందుండి నడిపించేది బాపే. ఈసారి ఆయన ముఖం రోజురోజుకూ చిన్నబోతోంది. నాకు జాలేసి, జాలితో పాటు గర్వం కూడా కలిసి నోరు జారాను.

“బాపూ, మీరు లేవకున్రి. పాలపిట్టనే మీ కాడికొస్తది.”

ఆయన ముఖం వెలిగింది. అవ్వ ముఖం మాత్రం నల్లబడింది. నన్ను పక్కకు పిలిచి, “పండుగకన్నా లేస్తడేమో అనుకున్న బిడ్డా. నువ్వు కుర్సిల్నే పండుగ జేయిస్తున్నవ్” అన్నది. అప్పటికే మాట వాడకట్టంతా పాకింది. ఈసారి అందరూ ఊరి బయటికి కాదు, మా పెరటికే వస్తామన్నారు.

అంతమంది వస్తున్నారంటే నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. పిల్లలు తిరిగే చోట తల మీద వేలాడే తీగేమిటి, ఎవరికైనా తగిలితే? (అందులో కరెంటు పోయి ఏళ్లయింది. ఉన్నా నాకంటే అదే నెమ్మదిగా ఉండేది.) పండుగ ముందురోజు లైన్‌మన్‌ను పిలిపించి తీగ తీయించాను, అడ్డంగా ఉన్న జామకొమ్మలూ కొట్టించాను. పెరడు అద్దంలా ఉందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

దసరా సాయంత్రం కొత్తబట్టలతో, చేతుల్లో జమ్మి ఆకుతో పెరడు నిండిపోయింది. మధ్యలో కుర్చీలో బాపు, పక్కన డబ్బాతో నేను. చెప్పిన వేళకు పాలపిట్ట రానే వచ్చింది. తీగ ఉండాల్సిన చోటికి వచ్చి, కాళ్లు చాచి, అక్కడేమీ లేక తత్తరపడి పైకి లేచింది.

“తీగేది సారూ?” అని ఎవరో మెల్లగా అడిగారు.

నాకు అప్పుడు వెలిగింది. డబ్బాలో మిడతలు టపటపమంటున్నాయి. సిగ్గుతో తల వేలాడేశాను. అది రెండు చుట్లు తిరిగిందట. జనమంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చడం వినిపించింది గానీ, తల ఎత్తే ధైర్యం లేకపోయింది. ఎత్తేసరికి అది ప్రహరీ దాటిపోయింది. కుర్చీ ఖాళీగా ఉంది.

బాపు లేచాడు. అవ్వ ఆశ చావక కుర్చీ పక్కనే పెట్టి ఉంచిన వాకర్ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ ప్రహరీ తలుపు వైపు పోతున్నాడు. సాయం పట్టబోయిన వాళ్లను అవ్వ చేయి అడ్డం పెట్టి ఆపింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తలుపు దగ్గర నిలబడి, పిట్ట పత్తి చేను మీదుగా పోయి కనుమరుగయ్యేదాకా చూశాడు. ఎంతమంది చూస్తున్నారో, తన చేతుల్లో ఏముందో ఆయనకు గుర్తున్నట్టు లేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఫికర్ జేయకు బిడ్డా. కూసుంటె గది ఉత్త మట్టిపిట్టనే. ఎగిరితెనే దాని నీలం కనవడతది. నువ్వు తీగ తీసి మంచిగ జేసినవ్.”

ఆ రాత్రి అందరూ ఆయన చేతిలోనే ముందు జమ్మి పెట్టారు. తెల్లారి నుంచి పెరట్లో వాకర్ చప్పుడు నాకు అలారమైంది. కుర్చీలో కాకులు కూర్చోవడం మొదలుపెట్టాయి.

బాపు పోయి కొన్నేళ్లయింది. నేనిప్పుడు కరీంనగర్‌లో కాస్త పెద్ద కుర్చీలో కూర్చుంటున్నాను. దసరా సాయంత్రం ఊరి బయట కారు ఆపితే, తీగ మీది పాలపిట్టకు అందరూ దండం పెడతారు, నేను చప్పట్లు కొడతాను. పిట్టను బెదరగొడతరేంది సారూ అని ఎవరో ఒకరు కోప్పడతారు. మా ఆవిడ నేనెవరో తెలియనట్టు కొంచెం దూరం జరుగుతుంది. పిట్ట లేస్తుంది, రెక్కలు విప్పుతుంది, నేను నోరు తెరుచుకుని చూస్తాను. ఎన్నిసార్లు చూసినా ఆనాడు బాపు చూసింది మాత్రం నాకు దక్కలేదు. డబ్బా పట్టుకుని నేల చూపులు చూస్తున్న ఆ కుర్ర ఇంజనీరు కనిపిస్తే గడ్డం పట్టుకుని లేపాలనిపిస్తుంది: తల ఎత్తరా పిచ్చోడా, అది నీ నెత్తి మీదనే తిరుగుతోంది.