యశోదమ్మ పెరట్లో దక్కను

పార్థసారథి అయ్యవారికి ఉన్నది ఒకటే జబ్బు. కంటబడిన ప్రతిదానిలోనూ ఆయనకు మన దక్షిణ ద్వీపకల్పమే కనబడేది. మూడు పక్కలా సముద్రం, రెండంచులా కనుమలు, నడుమ పీఠభూమి. ఇవి లేనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ముద్ద అంటే నిజంగా ముద్దే. శిరివెళ్లలో ఒక పెళ్లి భోజనంలో విస్తట్లో అన్నాన్ని దక్కనుగా పరిచి, అంచుల్లో కొండలు నిలబెట్టి, చారు తెచ్చినవాణ్ణి ఆపేశాడు.

"పడమటి గట్టున పొయ్యప్పా! కృష్ణ తూర్పుకే పారాల."

"సామీ, వెనక పంక్తి కాచుకోనుండాది" అని వాడు మొత్తుకున్నాడు. కావేరి కూడా సముద్రం చేరేదాకా అయ్యవారు లేవలేదు.

నంద్యాల బస్సులో కండక్టరు "యాడికి?" అంటే "నల్లమల పడమటి వాలుకు" అన్నాడు.

"ఆ స్టాపు లేదు. ఆళ్లగడ్డలో దిగి నడుచుకో."

అహోబిలం అర్చకుల ఇంట పుట్టి, ఆళ్లగడ్డ హైస్కూల్లో భూగోళం చెప్పే ఈ మనిషికి యశోదమ్మ తన వసారా గది బాడుగకిచ్చింది. యాభై ఎకరాల సేద్యం ఒంటిచేత్తో నడిపే ఆమెకు ఎవరి పిచ్చితోనూ పేచీ లేదు, తన పెరటి జోలికి రానంతవరకు. 1957 ఎండాకాలం సెలవుల్లో అదీ వచ్చింది. అయ్యవారు బండ్లకొద్దీ బంకమన్ను తోలించి, పెరట్లో పన్నెండడుగుల ద్వీపకల్పం లేపాడు.

"ఏంది సామీ ఈ దిబ్బలు?"

"దిబ్బలు గాదు తల్లీ, సహ్యాద్రి."

"నేను వడియాలు యాడ పెట్టుకోవాల?"

"మైసూరు పీఠభూమి ఖాళీగానే ఉండాది."

"దీన్ని ఇంకో తావుకు మార్చగూడదా?"

"కర్నూలు నుంచి రాజధాని పోయిందని కొండలు గూడా పోతాయా తల్లీ?"

ఒకనాడు ఎనుము తొక్కి నీలగిరులు నేలమట్టమయ్యాయి. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. నెల తిరిగేసరికి యశోదమ్మ ఓపిక చచ్చింది. పాలేరు సంజీవయ్య భుజాన పార వేయించి, వాణ్ణి వెంటబెట్టుకుని చేనినుంచి పెందలాడే ఇంటికొచ్చింది.

"పొద్దుగూకేలోపు అంతా చదును గావాల" అంటూ పెరటి తలుపు తోసి, అక్కడే నిలబడిపోయింది.

ఆమె అత్త ఉమామహేశ్వరమ్మకు చూపు పోయి పదేళ్లు. అంతకుముందు ఏటా శివరాత్రికి అడవిదారిన శ్రీశైలం నడిచిన మనిషి, ఆనాటినుంచి గడప దాటలేదు. అట్లాంటిది ఇప్పుడు చాప మీద కూర్చుని, మట్టి కొండ మీద వేలు నడిపిస్తోంది. మణికట్టు అయ్యవారి చేతిలో ఉంది.

"నాగలూటి దాటినాం అవ్వా. ఇంగ దిగుడు. అదిగో భీముని కొలను."

"ఉండు నాయనా. కాళ్లు పీకుతాండాయి. ఈడ రోంతసేపు కూసుందాం."

వేలు కొలను గట్టున ఆగింది. అయ్యవారు చెంబుతో నీళ్లందించి, తానూ అలసిపోయినట్టు నుదురు తుడుచుకున్నాడు. అంతలో తలుపు దగ్గర యశోదమ్మను చూసి దొంగలా లేచి నిలబడ్డాడు.

"తల్లీ, తప్పు చేసినా. కొలత ప్రకారం నల్లమల జానెడే. అంతలో అవ్వ వేలికి దారి అందదు. అందుకని బారెడు చేసినా. నెల్లూరు సముద్రంలో పడిపోయినాది."

కొండ ఎత్తు ఒక్క అడుగు తప్పు చెబితే బెంచీ ఎక్కించే మనిషి!

"ఎన్నాళ్లుగా అత్తా ఇది?"

"నెలగా. దినామూ నువ్వు చేనికి పోయినాక బయలుదేరుతాండాం. చెబితే ఎండంటావు, గాలంటావు. అహోబిలం అయ్యోరు నన్ను మల్లన్న కాడికి తోలుకపోతాండాడు, నువ్వు గమ్మునుండు!"

పదేళ్లుగా ఏది పెడితే అది తిని, ఏమీ అడగకుండా మూలన కూర్చున్న అత్త ఇప్పుడు కసురుతోంది. ఆ కసురు యశోదమ్మ చెవికి ఎంత హాయిగా ఉందో!

"యాడ తవ్వమంటావమ్మా?" అన్నాడు సంజీవయ్య.

యశోదమ్మ అయ్యవారి వైపు తిరిగింది. "శ్రీశైలం అయినాక యాడికి సామీ?"

"రామేశ్వరం పోవాలంటాంది అవ్వ."

"అట్లయితే సంజీవయ్యా, ఆ కొసన సముద్రం బాగా లోతుగా తవ్వు. నీళ్లు నేను పోస్తా. మా అత్త స్నానం చెయ్యాల."