నాటకం పాఠం చెప్పి పోగొట్టుకున్న సంబంధం

నవ్వకుండ్రి, ముందే చెప్తున్న! పాఠం చెడగొట్టి నౌకరి పోగొట్టుకున్నోళ్ళను చూసి ఉంటరు. పాఠం మంచిగ చెప్పి పెండ్లి పోగొట్టుకున్నోణ్ణి ఎక్కడన్న చూసిండ్రా? చూడుండ్రి, మీ ముందరే కూసుని చాయ్ తాగుతున్న.

మోస్రా ఊరి సంబంధం సంగతి మీకు ఎరుకే కద. పిల్ల పేరు శైలజ, బోధన్‌ల ల్యాబ్ టెక్నీషియన్. చూడనీకి పోయిన రోజు తనే అడిగింది, "మీరు కాలేజీల నాటకాలు చెప్తరట కద, నాకు గూడ ఇష్టం" అని. తనే ఫోన్ నంబర్ ఇచ్చింది. నాకు నచ్చింది. మస్తు నచ్చింది. రోజూ నంబర్ తీసి చూసుడు, మళ్ళ జేబుల పెట్టుకునుడు. ఫోన్ మాత్రం చెయ్యలే. ఏం మాట్లాడాలె చెప్పుండ్రి?

ఇగ మొన్న సెకండియర్ క్లాసు. సిలబస్‌ల ఒక పాత హాస్య నాటకం ఉన్నది. అండ్ల ప్రేమికుడు ఉంటడు. పిల్ల మీద పాణం, నోట్ల మాట లేదు. అన్నీ నౌకరుతోనే చెప్పిస్తడు. పాత్ర స్వభావం విశ్లేషించాలె. పుస్తకం చూసి చెప్తె పిల్లలు నిద్రపోతరు. అందుకని, "అనుకోండి, ఆ పిల్లగాణ్ణి నేనే" అని షురూ చేసిన.

అప్పుడే ఇద్దరు పెద్దమనుషులు వచ్చి వెనుక బెంచీల కూసున్నరు. ఒకాయనకు తెల్ల రుమాలు, ఇంకొకాయన చేతుల హెల్మెట్. ఎవరో పిల్లల తరఫోళ్ళు, హాజరు సంగతి అడగనీకి వచ్చిండ్రనుకున్న. కొత్త ఆడియన్స్ కనపడంగనే నాకు ఊపొచ్చింది!

"నాకు పిల్ల కావాలె, అడిగే దమ్ము లేదు! మా బాపు దగ్గితె చాలు, తలుపు వెనుక పోత! రేపు నా పెండ్లాం మీద మా అవ్వ ఒర్లితె ఏం చేస్త? అప్పుడు గూడ తలుపు వెనుకనే!"

క్లాసు క్లాసంత పడి పడి నవ్వింది. రుమాలు పెద్దాయన మాత్రం నవ్వలే. లేచి నిలబడి అడిగిండు.

"గట్లయితె లగ్గమెందుకు బిడ్డా నీకు?"

ఆహా, ఎంత మంచి ప్రశ్న అనుకున్న. "నా బదులు మాట్లాడనీకి ఎవరో ఒకరు ఉండాలె కద తాతా!" అన్న. పిల్లలు బెంచీలు కొట్టిండ్రు. ఆయన పక్కాయన దిక్కు చూసిండు. ఇద్దరు లేచి బయటికి పోయిండ్రు. నేనేమో, "చూసిండ్రా, పెద్దలు గూడ వచ్చి వింటున్నరు నా పాఠం" అని కాలరెగరేసిన!

నిజామాబాద్‌ల బస్సు దిగి ఇంటికి పోయేసరికి అవ్వ గుమ్మంలనే ఉన్నది. "ఏం కూసినవ్‌ర వాళ్ళకు? పిల్ల తాతను, చిన్నాయనను నీ కాలేజీకి నేనే రమ్మన్న, చాటుగ ఒకసారి చూసుకోండ్రని! మనం పిల్లను చూడనీకి పోయిన నాడు వాళ్ళిద్దరు ఊర్ల లేకుండిరి కద! 'పనికిరానోణ్ణని మీ పోరడే తన నోటితోని చెప్పుకున్నడు' అంటుండ్రు!"

నన్ను నేనే తన్నుకోవాల్ననిపించింది.

మా అక్క బీడీలు చుట్టే చాట పక్కకు పెట్టి, "శైలజకు ఫోన్ చెయ్యి, అది పాఠమని చెప్పు" అన్నది. "నువ్వు చెయ్యక్కా, జర" అన్న. చేసింది. స్పీకర్ పెట్టింది. సంగతంత విని శైలజ మెల్లగ అన్నది, "అది పాఠమే అయి ఉంటదని నేను అప్పుడే అన్న అక్కా. మా తాత వినలే. ఒక్కసారి మీ తమ్ముణ్ణే మాట్లాడుమనుండ్రి, తాత పక్కనే ఉన్నడు, ఫోన్ ఇస్త. మీ తమ్ముడున్నడా అక్కడ?"

తాతకు ఏం చెప్పాలె? ఎట్ల మొదలుపెట్టాలె? లేనని చెప్పు, రేపు మాట్లాడుత అన్నట్టు రెండు చేతులు ఊపిన.

మా అక్కకు అబద్ధం రాదు. "ఉన్నడమ్మా. లేడని చెప్పుమని చేతులు ఊపుతుండు" అన్నది.

అటు దిక్కు శైలజ నవ్వింది. మంచిగనే నవ్వింది. "సరే అక్కా, ఉంట" అని ఫోన్ పెట్టేసింది. నవ్వింది కద, కోపం పోయినట్టే అని నేను గూడ నవ్విన. అక్క నా మొఖం చూసి చాట ముందరికి గుంజుకున్నది.

ఒక్క మాట మాట్లాడితె సరిపోతుండె. "తాతా, అది పాఠం" అంటె అయిపోతుండె. అన్నం తింటున్నా అదే యాదికొస్తది, బస్సుల కూసున్నా అదే. మస్తు బాధగ ఉన్నదిరా భయ్.

ఇప్పుడు ఆమెకు నవీపేట్ సంబంధం ఖాయమైంది. మనసుల ఏం పెట్టుకోలే, మాకు గూడ పత్రిక పంపిండ్రు. పోవాలె, మంచిగుండుమని ఒక మాట చెప్పి రావాలె. అది న్యాయం.

అక్కను పంపుతున్న.