తెల్ల సీసా

మా బొగ్గు కాలనీకీ, అడవంచున ఉన్న మా అత్తగారి ఊరికీ మధ్య ఏటా కబడ్డీ పోటీ జరిగేది. రెఫరీగా ఎప్పుడూ ఆ ఊరికి అల్లుడైన మా కాలనీవాణ్ణే పెట్టేవారు. అల్లుడైతే రెండు దిక్కులా చుట్టం, ఎవరికీ అన్యాయం చేయలేడని పెద్దల లెక్క. అసలు సంగతేమిటంటే, అల్లుణ్ణయితే రెండు దిక్కులవాళ్లూ నిర్భయంగా తిట్టొచ్చు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విజిల్ నా మెడలో పడింది. నా ఖర్మ.

ఒక ఏడు జిల్లా జట్టుకు ఆటగాళ్లను ఎంచడానికి ఖమ్మం నుంచి ఒక సారు వచ్చి కూర్చున్నాడు. ఆయన చూపంతా మా అత్తగారి ఊరి రైడర్ మీదే. అశ్వారావుపేట తోటల్లో పామాయిల్ గెలలు కోసే మనిషి వాడు. ముళ్లు గుచ్చుకోని వేలు ఒక్కటీ లేదు వాడికి. జిల్లా జట్టులో చోటు దొరికితే ఆటల కోటాలో కొలువు వస్తుందని వాడి ఆశ. మొదటి సగంలోనే మావాళ్లను ముగ్గుర్ని మీదేసుకుని గీత దాకా ఈడ్చుకుపోయాడు.

"సూది ఏసుకొచ్చిండు! లేకుంటే గంత బలం యాడికెళ్లి వస్తది?" అని మా కాలనీ అంతా లేచింది. మందులు వాడిన ఆటగాళ్ల పతకాలు గుంజుకున్నారని టీవీలో చూసిన జనం కదా, మూత్రపరీక్ష చేయాల్సిందేనన్నారు.

మా కాలనీలో జ్వరానికైనా, నడుము నొప్పికైనా ఒకటే బలం సూది వేసే ఆరెంపీ డాక్టరు ఉండేవాడు. ఆయన మైకు అందుకున్నాడు. "బలం సూది పడ్డోనికి పసుప్పచ్చగొస్తది. గ్యారంటీ!"

మా బావమరిది ఊరుకుంటాడా? "మావోడు పోస్తే మీవోళ్లు గూడ పొయ్యాలె!" అని మైదానం మధ్యకొచ్చి నిలబడ్డాడు.

అలా గెలిచినవాళ్లకివ్వాల్సిన షీల్డు పక్కనే, మైకు బల్ల మీద రెండు జట్ల కూల్‌డ్రింక్ సీసాలు వరసగా నిలిచాయి. మావాళ్ల సీసాలన్నీ తంగేడు పూసినట్టున్నాయి. పెద్ద ఆట కదా అని పొద్దున్నే ఆ డాక్టరే తలా ఒకటి పొడిచాడట! అత్తగారి ఊరివీ అంతే. ముందురోజే సంతకు మోపెడ్ మీద అక్కడికీ పోయొచ్చాడు మహానుభావుడు. రైడర్ సీసా ఒక్కటే మంచినీళ్లలా ఉంది. ఇక తేలిపోయిందనుకున్నాను, పిచ్చివాణ్ణి.

"మాది ఆరోగ్యానికి ఏసుకున్న సూది, అది లెక్కల్కి రాదు" అన్నాడు మా కెప్టెన్. "మరి వానిది గంత తెల్లగ ఎందుకుంది? అడవిల ఏదో వేరు తిన్నడు. రంగు గూడ వస్తలేదంటే ఎంత పెద్ద మందో సూడుండ్రి!"

అవ్, అవ్ అంది జనం. అత్తగారి ఊరివాళ్లు సైతం తమ పచ్చ సీసాలనూ ఆ తెల్ల సీసానూ మార్చి మార్చి చూసి నసిగారు. ఖమ్మం సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు రైడర్ డాక్టరు దగ్గరికి పోయి చెయ్యి చాపాడు.

"డాక్టర్ సాబ్, నాకు గూడ ఒకటి ఎయ్యుండ్రి. నాది గూడ పచ్చగొస్తే ఆడనిస్తరు గదా."

అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ముగ్గుర్ని ఈడ్చిన ఆ చెయ్యి సూదికి గడగడా వణుకుతోంది. డాక్టరు నిజంగానే సంచి తెరిచాడు!

ఊపిరంతా పెట్టి విజిల్ ఊదాను. "థూ, మీ బతుకులు చెడ! గింతమందిల సూదంటే భయపడేటోడు వీడొక్కడే. సంచి మూయుండ్రి సాబ్. ఆట మొదలువెట్టుండ్రి!" అని అరిచాను. ఖమ్మం సారు నవ్వలేదు. ఆ వణికే చేతినే చూస్తున్నాడు.

ఆ రోజు మా కాలనీ ఓడిపోయింది. వాడు జిల్లా జట్టుకు ఆడాడు, కొలువూ వచ్చింది. నేను అత్తగారి ఊరి దిక్కు ఊదానని మావాళ్లు చాలా కాలం నాతో మాట్లాడలేదు. మొన్న దసరాకు ఆనాటి మా కెప్టెనే వచ్చి, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చాడు. హమ్మయ్య, మరిచిపోయాడనుకున్నాను. కౌగిలి వదలకుండానే చెవిలో అడిగాడు:

"అది సరేగానీ అన్నా, ఆ రోజు వానిది గంత తెల్లగ ఎందుకొచ్చింది?"