మా వీధి పిల్లల కామెర్లు

మా పాపకు మొదట జ్వరం వచ్చింది. తర్వాత అన్నం చూస్తేనే వాంతి. డొక్కలో నొప్పి అని మెలికలు తిరిగేది. మూత్రం డికాక్షన్ రంగులో రావడం చూసి నాకు భయం పట్టుకుంది. మరునాటికి కళ్లు పచ్చబడ్డాయి. రూపనగుడి నుంచి బస్సులో బళ్లారి ఆసుపత్రికి తీసుకుపోయాను.

పిల్లల వార్డులో అడుగుపెడితే మా వీధే అక్కడ ఉంది. పక్కింటామె కొడుకును ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఎదురింటి కవలలు ఒకే మంచం మీద పడుకున్నారు. అందరివీ పచ్చటి కళ్లే.

డాక్టరమ్మ మా పాప కుడివైపు పక్కటెముకల కింద మెల్లగా నొక్కారు. పాప కెవ్వుమంది. లివరు వాచిందన్నారు. దొడ్డికి తెల్లగా వస్తోందా, ఒళ్లు దురద పెడుతోందా అని అడిగారు. చివరికి, ఏ నీళ్లు తాగుతున్నారు అన్నారు.

"కొళాయివే మేడమ్. పైపు మురికి మోరీలో పగిలి ఉండాది. నీల్లు కంపు కొడ్తాండాయని పంచాయతీ మెంబరుకు చెప్తే, 'నాళె మాడిసోణ', రేపు చేపిద్దాం అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తాదో!" అన్నాను.

ఈ జబ్బుకు వేరే మందంటూ లేదని, చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే తేరుకుంటారని ఆమె ధైర్యం చెప్పారు.

పక్కింటి పిల్లవాడు ఊరికే ఏడుస్తూ తల్లిని సతాయిస్తూ ఉన్నాడు. ఒక మధ్యాహ్నం ఏడుపు ఆగింది.

"నిమ్మళంగా నిద్రపోతాండాడక్కా. తగ్గినట్టుండాది," అంది ఆమె. నాకూ అలాగే అనిపించింది. తను ఇన్నాళ్లకు అన్నం డబ్బా తెరిచింది.

అప్పుడే వచ్చిన డాక్టరమ్మ వాడి భుజం తట్టి లేపారు. వాడు కళ్లు తెరిచి తల్లి వంక చూసి, "యెవరు నువ్వు?" అన్నాడు.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. వాడిని పరుగున ఐసీయూకు తీసుకుపోయారు. అది నిద్ర కాదు, లివరు చేతులెత్తేస్తే విషం మెదడుకు ఎక్కుతుందని మాకు తర్వాత తెలిసింది. వాడు మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత మెంబరు వచ్చాడు. వెంట బ్రెడ్డు ప్యాకెట్లు, ఫోనుతో వీడియో తీసే మనిషి. బాటిల్ నీళ్లు గుక్కెడు తాగి మా వైపు తిరిగాడు.

"ఏం తినిపిస్తారమ్మా పిల్లోల్లకి? రోడ్డు మింద పానీపూరీలు తింటే రోగాలు రావా?"

"నా బిడ్డ పానీపూరీ యాడ తినిందప్పా? మీరిచ్చే నీల్లే తాగింది. ఆ బాటిల్ పక్కన పెట్టి మా కొళాయి నీల్లు ఒక గలాసు తాగు, చూస్తాం," అన్నాను.

వీడియో ఆగిపోయింది. బ్రెడ్డు మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. మేం దాన్ని ముట్టలేదు.

పిల్లవాడి దినాలు జరుగుతుండగా పైపు మార్చారు. ఒక్క పూట పని!

మా పాపకు ఆకలి తిరిగొచ్చింది. కళ్లలో పసుపు మాత్రం చాలా ఆలస్యంగా పోయింది. నువ్వు అదృష్టవంతురాలివి అంటారు అందరూ. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మోరీ నీళ్లు తాగించి, బిడ్డ బతికితే అదృష్టమట.

పాప సంచి తగిలించుకుని బడికి బయలుదేరితే పక్కింటామె తలుపు వేసుకుంటుంది. ఆ తలుపు తట్టాలని చాలాసార్లు అనుకున్నాను. తట్టి ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాను.