అట తీసేసిన వార్త

ఆ పిల్లను కాలేజీలో అందరూ అటమ్మాయి అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది, హాజరు పట్టీలో అదే ఉంటుంది కూడా. కానీ ఆ పేరుతో పిలిస్తే తనే కాస్త ఆలస్యంగా పలుకుతుంది. చదివేది జర్నలిజం. మొదటి ఏడాది తొలిసారి రాసిన వార్తలో వాక్యం వాక్యానికీ ఒక 'అట' ఉంది. లైబ్రరీ పైకప్పు కారుతోందట, బాగు చేయిస్తామన్నారట, చేయించలేదట. మాస్టారు దాన్ని తరగతిలో పైకి చదివారు. వెనక బెంచీలవాళ్ళు ప్రతి 'అట' దగ్గరా గొంతు కలిపారు. ఆ రోజు పడ్డ పేరు ఇక వదల్లేదు.

తప్పంతా పిల్లదే అనడానికి లేదు, పెరిగిన ఇంటి భాష అది. వాళ్ళమ్మ ఏ విషయమూ సూటిగా చెప్పదు. పక్కింట్లో పాలు పొంగితే తనే పరుగెత్తుకెళ్ళి గిన్నె దించి వచ్చి, ఆనక మొగుడితో 'వాళ్ళింట్లో పాలు పొంగాయట' అంటుంది. ఆ తోకలో కొంత మర్యాద ఉంది, కొంత జాగ్రత్త ఉంది. రేపు మాట తేడా వస్తే 'విన్నది చెప్పానంతే' అని పక్కకు తప్పుకోవచ్చు. ఆ తోక లేకపోతే ఆ వీధిలో సగం కబుర్లు గుమ్మం దాటవు.

మాస్టారు అలాంటి తోకల పాలిట కత్తెర. ఒక దినపత్రికలో చాలా ఏళ్ళు పనిచేసి, నడుంనొప్పి తెచ్చుకుని, పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్ను, జేబు కింద ఎప్పుడూ ఎర్ర మరక. విద్యార్థులే రాసి, దిద్ది, అచ్చుకు పంపే నాలుగు పేజీల కాలేజీ పత్రికకు ఆయనే పెద్ద దిక్కు. దాని మొదటి పేజీలో పేరు చూసుకోవాలని తరగతిలో కోరిక లేనివాళ్ళు లేరు. రెండో ఏడాదిలో అటమ్మాయికి ఆ వంతు వచ్చింది. బడి పిల్లల్ని తీసుకెళ్ళే వ్యాన్‌ల మీద రాయమన్నారు.

పాపం, కష్టపడే రాసింది. ఎండలో బడుల ముందు నిలబడింది. ఏ వ్యాన్ తలుపు గడియ తాడుతో కట్టారో, ఏ వ్యాన్‌లో పిల్లల్ని కుక్కి కూర్చోబెడుతున్నారో కళ్ళారా చూసి రాసింది. చివర్లో వ్యాసానికి కాస్త ఊపు కావాలనిపించి, పక్కింటి అత్తయ్య గోడ మీదుగా చెప్పిన మాట ఒకటి చేర్చింది: 'మా వీధికి వచ్చే పసుపు వ్యాన్ డ్రైవరుకు చూపు సరిగా ఆనడం లేదట.'

మాస్టారు కాగితం అందుకుని, ఉన్న అటలన్నిటికీ గుండ్రంగా ఎర్ర గీతలు చుట్టారు.

"ఇంకా ఇవేంటమ్మా? వీటితో వార్త అటకెక్కుతుంది. అన్నీ తీసేసి పట్రా" అన్నారు. అంతలో ఫోన్ మోగింది. ఆయన నడుం పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పి ఉంటే బాగుండేది.

అటమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని తీసేసింది. చాలా తేలికైన పని. 'లేదట'లో చివరి ట చెరిపి, దకు కొమ్ము పెడితే 'లేదు' అయిపోయింది. ఆ కొమ్ము ఎవర్ని పొడుస్తుందో ఆమెకు తట్టలేదు. వాక్యం ఇప్పుడు నిటారుగా నిలబడ్డట్టు కనిపించి ఎంతో ముచ్చటేసింది. మాస్టారు కూడా తిరిగొచ్చి పైనుంచి కిందికి చూసి, "ఇదీ వార్తంటే" అన్నారు. ఏడాదిన్నరలో ఆయన నోట విన్న మొదటి మెప్పు అది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చింది.

పత్రిక అచ్చయి వచ్చాక వాళ్ళమ్మ ఊరుకుంటుందా? మొదటి పేజీ ఫోటో తీసి వీధిలో తల్లులందరి గ్రూపులో పెట్టింది. మందుల షాపులో తను కూర్చునే కౌంటర్ అద్దానికి ఒక ప్రతి అంటించింది. మందులకు వచ్చినవాళ్ళు చిల్లరతో పాటు ఆ వార్త కూడా తీసుకెళ్ళారు.

సోమవారం పొద్దున పసుపు వ్యాన్ వీధిలోకి వచ్చింది. హారన్ మోగింది. గేట్లు తెరుచుకోలేదు. ఒక ఇంటి ముందు తండ్రి పిల్లాణ్ణి బండి ఎక్కించుకుని, వ్యాన్ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఇంకో ఇంటి ముందు తల్లి ఆటోను పిలుస్తోంది. వ్యాన్ ఇంటింటి ముందూ ఆగి, హారన్ కొట్టి, కాసేపు చూసి, దాదాపు ఖాళీగా వెళ్ళిపోయింది.

"అమ్మా, పిల్లలు ఎక్కట్లేదేం?" అంది అటమ్మాయి.

"నీ వార్త చూసి మానిపించేశారే. ఎంత పని చేసిందో చూడు నీ రాత!" అంది వాళ్ళమ్మ, గొప్పగానే.

పిల్ల టీ గ్లాసు కింద పెట్టేసింది. చిన్నప్పుడు తను కూడా ఆ వ్యాన్‌లోనే బడికి వెళ్ళింది మరి. అందరికీ ఆయన వ్యాన్ మామయ్య. షూ లేసు కట్టుకునేదాకా ఆగేవాడు, ఏడిస్తే ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. దారిలో ఒక ఆట ఉండేది. దూరంగా కనిపించే షాపు బోర్డు ఎవరు ముందు చదివితే వాళ్ళదే గెలుపు. ఆమెకు చదవడం అలవాటైంది పలకా బలపంతో కాదు, టైర్ల షాపుల బోర్డులతో, దంత వైద్యుల బోర్డులతో. వ్యాన్ మామయ్య ఎప్పుడూ అందరికన్నా ముందే చదివేసి, చెప్పకుండా నోరు మూసుకుని కూర్చునేవాడు. ఆ కళ్ళ గురించి ఎవరో అన్న మాట పట్టుకుని తను రాసింది. ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

నేరుగా పక్కింటికి వెళ్ళింది.

"అత్తయ్యా, వ్యాన్ మామయ్యకి చూపు ఆనట్లేదని మీకెవరు చెప్పారు?"

"ఎవరో ఏంటే, మీ అమ్మే!"

ఇంటికొచ్చి అమ్మను నిలబెట్టి అడిగింది. వాళ్ళమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నేనలా అన్లేదే. మొన్న రోడ్డు మీద ఎదురుపడి, నన్ను చూసి కూడా పలకరించకుండా పోయాడు. ఎప్పుడూ అలా చెయ్యడు కదా, కళ్ళు కనపడట్లేదేమో అన్నాను. ఏమో అన్నాను, అంతే" అంది.

"ఎక్కడ ఎదురుపడ్డాడు? నువ్వు నడిచి వెళ్తున్నావా?"

"లేదే, స్కూటర్ మీద."

"హెల్మెట్ పెట్టుకున్నావా?"

వాళ్ళమ్మ చూపు మూలనున్న హెల్మెట్ మీదికి పోయింది. స్కూటర్ కొత్తగా నేర్చుకుంది. హెల్మెట్‌కు ముఖం నిండా నల్లద్దం ఉంది. అది పెట్టుకుంటే కన్నబిడ్డ కూడా తల్లిని గుర్తుపట్టలేదు. అమ్మ నోట 'ఏమో'గా బయల్దేరిన మాట, గోడ దాటేసరికి 'అట' అయింది, కూతురి చేతిలో పడి అట కూడా పోయి నిజమై కూర్చుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆయన కూడు మాత్రం పోయేలా ఉంది.

సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళింది. వ్యాన్ మామయ్య షెడ్డు దగ్గర వ్యాన్ కడుగుతున్నాడు. మురికి పట్టేంతగా అది తిరగనే లేదు. ఆమెను చూడగానే బకెట్ పక్కన పెట్టి, స్టూలు తుడిచి వేశాడు.

"రా తల్లీ, కూర్చో. నిన్నే తలుచుకున్నా పొద్దున. ఆ వార్త నువ్వే రాశావట. అందరూ అంటున్నారు, పేరు కూడా చూపించారు. నేను నమ్మలేదు. ఆ పేరుతో ఊళ్ళో ఇంకో పిల్ల ఉండదా? మన పిల్లయితే నన్ను అడక్కుండా ఎందుకు రాస్తుంది అన్నా" అన్నాడు.

అచ్చులో పేరు చూసి కూడా ఆయన తన విషయంలో అటను అటగానే ఉంచాడు. ఆయన విషయంలో తను ఒక్క పూట కూడా ఉంచలేకపోయింది. ఆ పేరు ఇంకెవరిదో అని తప్పించుకునే దారి ఆయనే తెరిచి పెట్టాడు. ఆ దారిన పోదామని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"నేనే రాశాను మామయ్యా" అంది.

ఆయన మళ్ళీ బకెట్ అందుకున్నాడు. అద్దం తుడిచాడు, తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. ముఖం ఇటు తిప్పలేదు. ఆమె ఏడుస్తూ నిలబడింది. ఊరుకోమని ఆయన అనలేదు. అనకపోవడమే న్యాయం.

చాలాసేపటికి గుడ్డ పిండి వ్యాన్ మీద ఆరేసి, ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"సరే. అయితే ఇప్పుడు అడుగు" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, పెన్ను తీసింది. "మీకు... చూపు ఎలా ఉంది మామయ్యా?"

"దగ్గరివి చదవాలంటే కళ్ళజోడు కావాలి. దూరం దివ్యంగా ఉంది. లైసెన్సుకి మొన్ననే పరీక్ష చేశారు, కాగితం చూపిస్తా. ఇంకా అడుగు. బ్రేకులు అడుగు, టైర్లు అడుగు. అన్నీ అడిగి రాసుకో" అన్నాడు. ఆయన చెప్పినవీ, చూపించినవీ ఆమె ఒక్కటీ వదలకుండా రాసుకుంది.

మర్నాడు మాస్టారికి జరిగిందంతా చెప్పింది. ఆయన ఎర్ర పెన్ను మూత తీసి పెడుతూ విన్నారు.

"అట తీసెయ్యమన్నా. తీసేసేముందు ఆ మనిషి గుమ్మం తొక్కాలని చెప్పలేదు. అది చెప్పక్కర్లేకుండానే తెలుస్తుందనుకున్నా. నా తప్పు కూడా ఉందమ్మా ఇందులో. సవరణ నాలుగో పేజీ అడుగున వేద్దాం."

"తప్పు మొదటి పేజీలో పడింది సార్."

ఆయన తలెత్తి చూశారు. మొదటి పేజీ నమూనా ముందుకు లాగి, పోయినసారి ఆమె వ్యాసం ఉన్న చోటే ఎర్ర గడి గీసి ఇచ్చారు. అందులో ఆమె ఇలా రాసింది: 'పోయిన సంచికలో ఇదే చోట, పసుపు వ్యాన్ డ్రైవరుకు చూపు ఆనడం లేదని రాశాను. అది నిజం కాదు. ఆయనను అడగకుండా రాశాను. ఈసారి అడిగాను.' కింద ఆయన జవాబులు, ఆ కింద తన పేరు. మాస్టారు దాన్ని తరగతిలో పైకి చదివినప్పుడు వెనక బెంచీలవాళ్ళు ఈసారి గొంతు కలపలేదు.

వాళ్ళమ్మ హెల్మెట్ చంకన పెట్టుకుని వీధంతా ఇల్లిల్లూ తిరిగింది. "నేనే అన్నాను వదినా. ఈ దిక్కుమాలిన అద్దం వల్ల నన్ను ఆయన గుర్తుపట్టలేదు, దానికి నేనే వాగాను" అని చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక అట లేకుండా ఆవిడ అంతసేపు మాట్లాడ్డం అదే మొదలు.

పిల్లలు మెల్లమెల్లగా వ్యాన్ ఎక్కడం మొదలుపెట్టారు. మూలింటి పాప ఒక్కతే రాలేదు. అటమ్మాయి పత్రిక పట్టుకుని స్వయంగా ఆ ఇంటికి వెళ్ళింది.

"కాదంటే నమ్ముతాంలే అమ్మా. కానీ అచ్చులో చూశాం కదా, మనసొప్పట్లేదు" అంది పాప తల్లి.

"ఇది కూడా అచ్చులోనే వచ్చిందండీ."

"నిజమే. కానీ మొదట చదివిందే కళ్ళముందు ఉంటుంది తల్లీ, ఏం చెయ్యమంటావ్?" అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. అటమ్మాయి పత్రిక ఆవిడ చేతికిచ్చి వచ్చేసింది.

ఏడాది చివర కాలేజీలో అందరూ ఒక పేజీ రాసివ్వాలి: ఈ ఏడాది నేనేం నేర్చుకున్నాను అని. శీర్షికలు పెట్టడం, ఫోటో తీయడం, గడువుకు రాయడం అంటూ తోటివాళ్ళు పేజీలు నింపేశారు. అటమ్మాయి పొద్దున్నే కిటికీ దగ్గర తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంది. పసుపు వ్యాన్ వీధిలోకి వచ్చింది. పిల్లలు గోలగోలగా ఎక్కారు. వ్యాన్ మూలింటి ముందుకు వెళ్ళి, రోజులాగే నెమ్మదించింది. ఒక్కసారి హారన్ మోగింది. పైన బాల్కనీలోంచి పాప చెయ్యి ఊపింది. వ్యాన్ మామయ్య కూడా చెయ్యి ఊపి, కాసేపు గేటు వైపు చూసి, బండి ముందుకు పోనిచ్చాడు. అటమ్మాయి కాగితం మీద, మూలింటి పాప ఇంకా వ్యాన్ ఎక్కడం లేదని రాసింది.