సుగుణక్కకు వినపడని మాటలు

మొన్న శాలిబండలో ఒక పాత మిత్రుణ్ణి చూసి తిరిగి వస్తూ, బస్సు కోసం నిలబడే ఓపిక లేక గౌలిపుర సందుల్లోంచి అడ్డంగా నడిచాను. ఆ సందుల్లో పశువుల కొట్టాలు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. ఒక మలుపు దగ్గర మాత్రం ఎవరో సిమెంటు తొట్టిలో తౌడు, నానిన పత్తిగింజలు కలుపుతున్నారు. ఆ పులిసిన, వెచ్చటి వాసన ముక్కుకు తగలగానే నా చెవుల్లో మోడెం మోగింది. ఇంటర్నెట్ కలిసే ముందు టెలిఫోను తీగ మీద పాత కంప్యూటర్లు చేసే ఆ గరగర. బర్రెల దాణా వాసన తగిలితే మోడెం గుర్తొచ్చే మనుషులం ఈ ఊళ్లో ఇద్దరమో ముగ్గురమో ఉంటాం. మా అందరికీ ఆ రెంటినీ ముడివేసి పోయింది సుగుణక్క.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఒక తెలుగు దినపత్రికలో సబ్‌ఎడిటర్‌ని. గుంటూరు నుంచి వచ్చి, అద్దె తక్కువని గౌలిపురలో ఒక గది తీసుకున్నాను. ఎదురిల్లు సుగుణక్కది. కింద కొట్టంలో బర్రెలు, పైన రెండు గదులు, ఒక గదిలో మోడెం తగిలించిన ఆవిడ కంప్యూటరు. తండ్రి మల్లయ్య పాలవ్యాపారం మానుకోలేదు, కూతురు మానుకోమని అడగలేదు. ఆవిడ బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగమే చేసేది. అయినా పొద్దున్నే వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరికీ పాలు కొలిచి పోసి, ఆ తర్వాతే చీర మార్చుకుని ఆఫీసుకు వెళ్లేది. నేను మొదటిసారి గిన్నె పట్టుకుని వెళ్లినప్పుడు నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం తమ్మీ, పేపర్ల పనిచేస్తవంట గదా. మీ పేపరు సదువుతుంటే నాకు ఎర్ర పెన్ను కావాలనిపిస్తది."

"అచ్చుతప్పులు ఎక్కువగా ఉంటున్నాయాండీ?"

"అండీ గిండీ వద్దు. అక్కా అను. తప్పులేం ఎక్కువ లేవు గని, ఉన్నయి మస్తు గమ్మతిగ ఉంటున్నయి."

అదే ఏడాది మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఫణి ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఒక్కో పత్రికకు ఒక్కో తెలుగు ఫాంటు. ఒకదానిలో కొట్టిన వార్తను ఇంకోదానిలో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపించేవి. పాత ఫాంట్లలో ఉన్నదాన్ని అన్ని కంప్యూటర్లూ చదవగలిగే తెలుగులోకి మార్చడమే ఫణి ప్రోగ్రాం పని. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, సరిదిద్దవచ్చు. ధాన్యం పోస్తే పిండి వచ్చినట్టు ఉందని దానికి 'గిర్ని' అని పేరుపెట్టాం. మార్చిన వార్తల్ని చదివి ఎక్కడ వత్తు జారిందో, ఎక్కడ గుడి ఎగిరిపోయిందో పట్టుకోవడం నా వంతు. డెస్కు మీద పనిచేసినవాడికి అది కొత్త విద్య కాదు.

మాకు ఒక తొందర ఉండేది. మా పత్రికలో పాత కంప్యూటర్లు తీసేయబోతున్నారు. వాటితోపాటు ఏళ్ల తరబడి వేసిన వార్తలు ఎవరూ చదవలేని గీతలుగా మిగిలిపోతాయి. గిర్నితో మార్చేద్దామని మేనేజరుగారి దగ్గరికి వెళితే ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "రేపు ఫణి ఉద్యోగం మానేస్తే దీన్నెవరు చూస్తారయ్యా?" ఆ సంగతి సుగుణక్కకు చెబితే, పాల తపేలా కడుగుతూ, ఇలాంటి ప్రోగ్రాములకు నీడనిచ్చే పెద్ద ఫౌండేషన్ ఒకటి విదేశంలో ఉందని చెప్పింది. ఫౌండేషన్‌లో చేరితే ప్రోగ్రాం పేరూ తాళాలూ ఏ ఒక్కరి జేబులోనూ ఉండవు. చేరేముందు కొంతకాలం శిక్షణలో ఉండాలి, అక్కడి సభ్యులొకరు దారి చూపించాలి. సుగుణక్క ఆ ఫౌండేషన్ సభ్యురాలు. తను ఎన్నడూ చూడని దేశాలవాళ్ల బృందాల్ని అప్పటికే అలా చేయిపట్టి లోపలికి తీసుకెళ్లింది. ఈ సంగతి మా సందులో ఎవరికీ తెలియదు. తండ్రికి తెలిసిందల్లా ఇంతే: "మా సుగుణ ఆ డబ్బాల ఎవరితోనో లొల్లి పెట్టుకుంటది. మనుషులు గూడ కనపడరు. గయ్యాళితనం ఉత్తగనే పోతున్నది."

"ఫౌండేషన్ల చేరుడంటే ఏంది అక్కా?" అని ఫణి ఆవిడ యాసలోనే అడిగాడు. వాడిది కాకినాడ.

"నీ ఇంటి తలుపు తీసి పెట్టుడు. నువ్వు లేనప్పుడు గూడ ఎవరన్న వచ్చి, కూసొని, పని చేసుకోవాలె. గంతే."

మాకు దారి చూపించడానికి ఒప్పుకుని గంతే అన్నది కానీ, అది ఎంత కష్టమో గిర్ని శిక్షణలో చేరాక తెలిసింది. ఆ ఫౌండేషన్‌లో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాం గురించిన ప్రతి మాటా మెయిలింగ్ లిస్టులో జరగాలి. లిస్టు అంటే ఒకరు రాసింది అందులో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి అందే ఏర్పాటు. అక్కడ రాయనిది జరగనట్టే లెక్క. సుగుణక్క దీన్ని ఎంత నిష్ఠగా పాటించేదంటే, ఇంట్లో గిర్ని మాట ఎత్తితే ఆవిడకు చెవుడు వచ్చేసేది. చాయ్ ఇచ్చేది, మా అమ్మ ఆరోగ్యం అడిగేది, బర్రె ఈనిందని జున్ను పెట్టేది. "అక్కా, ఆ కొత్త ఫాంటు సంగతి..." అనగానే కొట్టంవైపు తిరిగి, "బాపూ, నల్లదానికి నీళ్లు పెట్టినవా?" అనేది. ఫణి గొంతు పెంచేవాడు.

"అక్కా, నీకే చెప్తున్నా."

"ఏమో ఫణీ, ఇనపడుతలేదు. లిస్టుల రాసినవా?"

"ఎదురుగా కూర్చుని ఉత్తరం రాసుకోవడమేంటక్కా?"

"ఈ చాయ్ తాగుతందుకు నువ్వొచ్చినవ్, తమ్మి వచ్చిండు. రానోళ్లు ఉన్నరు గదా. వాళ్లకెట్ల ఇనపడుతది?"

రానివాళ్లలో మొదటిది రుఖియా. బార్కస్‌లో ఉండేది. అక్కడే ఒక స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. స్కూలు, ట్యూషన్లు, ఇంటిపని అయ్యాక, ఇంట్లో ఫోను ఖాళీ అయినప్పుడు ఇంటర్నెట్‌కు కలిసేది. ఎక్కడో లిస్టు సంగతి తెలిసి చేరింది. మేమెవరమూ ఆమెను చూడలేదు. పాత ఫాంట్లలో ఏ గీత ఏ అక్షరమో చెప్పే పట్టికలు ఒక్కొక్కటీ ఓపికగా తయారుచేసి పంపేది. ఆమె పంపినవాటిలో నాకు దిద్దడానికి ఏమీ దొరికేది కాదు.

నేనూ ఫణీ మాత్రం శాలిబండ ఇరానీ హోటల్లో కూర్చుని అన్నీ తేల్చేసుకునేవాళ్లం. పత్రికాఫీసు అలవాటు అది. ఏ వార్త ఎక్కడ వేయాలో నిలబడిన చోటే నిమిషంలో తేలిపోవాలి. హోటల్లో తేల్చుకున్నదాన్ని ఇంటికెళ్లి లిస్టులో పెట్టేవాళ్లం. ఫణి ప్రతిపాదించేవాడు, నేను 'ప్లస్ వన్' అని రాసేవాణ్ణి. ఒప్పుకుంటున్నామని చెప్పడానికి అక్కడి మాట అది. పద్ధతి పాటిస్తున్నామనే అనుకున్నాం. అలాగే ఒకరోజు, చిన్న ప్రెస్సులవాళ్లు మాత్రమే వాడే ఒక పాత ఫాంటును గిర్నిలోంచి తీసేద్దామనుకున్నాం. దానివల్ల పని ఆలస్యమవుతోంది. రుఖియా వద్దని రాసింది. ఆ ఫాంటులో తమ వైపు బడుల ప్రశ్నపత్రాలున్నాయని, తను చూసుకుంటానని చాలా వివరంగా రాసింది. ఫణి ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు: "ఇది నిన్ననే మాట్లాడుకున్నాం, తీసేస్తున్నాం." ఆమె "సరే" అని రాసింది.

ఎండాకాలం వచ్చింది. పాత కంప్యూటర్ల గడువు దగ్గరపడింది. శిక్షణ ముగిసింది, గిర్నిని పూర్తిగా చేర్చుకోండని కోరుతూ లిస్టులో ఓటు పెట్టాం. దారి చూపించిన సభ్యురాలు సరేనంటే మిగతావాళ్లు సాధారణంగా కాదనరు. ఎదురింటి అక్క, రోజూ పాలు పోసే అక్క, కాదంటుందని కలలో కూడా అనుకోలేదు. సుగుణక్క 'మైనస్ వన్' అని రాసింది. కింద రెండు వాక్యాలు: "గిర్ని తయారుగా ఉన్నది. గిర్ని నడిపేవాళ్లు ఇంకా తయారుగా లేరు."

ఫణి ఆ సాయంత్రం మండిపడుతూ వచ్చాడు. ఆవిడ కుడితి కలుపుతోంది.

"ఏంటక్కా ఇది? మేనేజరు ఆ మెషీన్లు అమ్మేస్తే ఎవరిది బాధ్యత? పరాయివాళ్లు కూడా ఇట్లా చెయ్యరు."

ఆవిడ ఆ రోజు చెవుడు తెచ్చుకోలేదు. మోచేతుల దాకా అంటిన తౌడుతో అలాగే తొట్టి అంచున కూర్చుంది.

"బార్కస్ పిల్ల ఏమైంది ఫణీ?"

"ఎవరు, రుఖియానా? ఉందిగా."

"ఉంటే సప్పుడేది? సరే అని రాసినంక మళ్లొక్క మాట రాసిందా?"

ఫణి నావైపు చూశాడు. నాకూ గుర్తులేదు. ఆమె మాట్లాడటం మానేసి చాలా రోజులైందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

"ఆ ఫాంటు ఉంటదో పోతదో నాకు ఫికర్ లేదు," అంది సుగుణక్క. "నువ్వన్నదే కరెక్టేమో గూడ. గని ఆ పిల్ల అంత రాస్తే, నిన్న మాట్లాడుకున్నమంటివి. ఏడ మాట్లాడుకున్నరు? ఆమె లేని కాడ. రేపు నీకు వేరే ఊర్ల కొలువొచ్చి పోతే ఈ గిర్ని ఎవరు పడతరు? తమ్మి వత్తులు దిద్దుతడు, అంతే గదా. పట్టేది ఆమె. ఆమెనే బయటికి పంపిస్తిరి, తలుపు ఏస్తిరి, మళ్ల నన్నొచ్చి తలుపు తీసే ఉందని సంతకం పెట్టమంటిరి."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఫణి ఎదురు చెప్పేవాడు. రేపు నేనే బార్కస్ వెళ్లి ఆమెతో మాట్లాడతానని గొణిగాడు.

"ఇంటికి పోయి చెప్తే ఆమెకొక్కదానికే తెలుస్తది. అందరి ముందట అన్న మాట. అందరి ముందటనే ఎనుకకు తీసుకో."

ఫణి రాశాడు. దిద్దమని నాకు ముందు చూపించబోయి, మళ్లీ తనే మానుకుని నేరుగా లిస్టులోనే పెట్టాడు. మేం హోటల్లో ఎలా తేల్చుకుంటున్నామో, ఆమె మాటకు జవాబు ఇవ్వకుండా ఎలా తోసేశామో దాచకుండా రాసి, ఆ ఫాంటును ఉంచేద్దామని ప్రతిపాదించాడు. మర్నాడంతా జవాబు లేదు. ఆ తర్వాతి రోజు సాయంత్రం రుఖియా రాసింది: "ప్లస్ వన్. ఆ ఫాంటు పట్టిక నా దగ్గర తయారుగానే ఉంది."

తర్వాతి నెలల్లో మేం హోటల్‌కు వెళ్లడం మానలేదు. గిర్ని మాట అక్కడ ఎత్తడం మానేశాం. మొదట్లో మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. తర్వాత ఫణి వాళ్ల నాన్న గురించి, నేను మా ఊరి గురించి చెప్పుకున్నాం. స్నేహితులమైంది అప్పుడే అనుకుంటాను. మేనేజరుగారిని బతిమాలితే పాత మెషీన్లను దుప్పట్లు కప్పి స్టోర్‌రూంలో పెట్టించారు. ఫణి గిర్ని తాళాలు, అంటే దాన్ని మార్చే, విడుదల చేసే హక్కులు, మిగతావాళ్లకూ పంచాడు. గిర్ని తర్వాతి విడుదలను రుఖియా మొదటినుంచి చివరిదాకా తనే చేసింది. వాడు చేతులు కట్టుకుని కూర్చోలేక మా గదిలో పచార్లు చేశాడు. అంతా అయ్యాక మళ్లీ ఓటు పెట్టింది కూడా రుఖియాయే. ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లకైనా చూసే వ్యవధి ఉండాలని ఓటుకు మూడు రోజుల గడువుంటుంది. అందరూ ఒప్పేసుకున్నారు కదా, ముగించేద్దామని ఫణి తొందరపడ్డాడు. ఆ తొందర కూడా లిస్టులోనే రాశాడు. సుగుణక్క అక్కడే జవాబిచ్చింది: "పాలు తోడేసినంక గిన్నె మాటిమాటికి లేపి చూస్తమా ఫణీ? పేరుకోనియ్యి."

గిర్ని చేరింది. మా పత్రిక పాత వార్తలు తెలుగులోకి మారాయి. రుఖియా కాపాడిన ఆ ఫాంటు ఎంతమందికి పనికొచ్చిందో నాకు తెలియదు, ఎవరూ లెక్క చూడలేదు. ఓటు ముగిసిన సాయంత్రం లిస్టులోకి చివరగా ఒక చిన్న సమాచారం వచ్చింది. సుగుణక్క లిస్టు నుంచి తప్పుకుంది. దారి చూపించిన మనిషి అవసరం తీరాక వెళ్లిపోవాలన్నది ఆవిడ నియమం.

ఆ ఆదివారం మిఠాయి తీసుకుని వెళ్లాం. రుఖియా వాళ్ల అమ్మతో ఆటోలో వచ్చింది, మేం ఆమెను చూడటం అదే మొదలు. మల్లయ్య ఆమెను పరీక్షగా చూసి, "ఇన్నొద్దులు డబ్బాల మా బిడ్డతోని లొల్లి పెట్టింది ఈమెనేనా? గింత మెల్లగ మాట్లాడుతది," అన్నాడు. సుగుణక్క అందరికీ చాయ్ పోసి, తనూ ఒక కప్పు తీసుకుని, మా మధ్య చాపమీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఇగ చెప్పుండ్రి."

"ఏం చెప్పాలి సుగుణ బాజీ?" అంది రుఖియా, అక్కను తన ఇంటి మాటలో పిలుస్తూ.

"మీ గిర్ని సంగతి. నేనిప్పుడు లిస్టుల లేను గదా. నోటితో చెప్తెనే నాకు తెలుస్తది."

ముగ్గురం ఒకేసారి మొదలుపెట్టాం. ఆవిడ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, ఏ ఒక్క ముక్కా తనకు తెలియనట్టే, పొద్దు వాలేదాకా వింది.

ఇప్పుడు నేను ఎక్కడ ఏ సమావేశంలో కూర్చున్నా, అందరూ తలలూపగానే, రానిదెవరని ఆలోచిస్తాను. వాళ్లకు చెప్పారా అని అడుగుతాను. నన్ను చాదస్తుడంటారు. అననీ.

సుగుణక్క పోయినరోజు ఆ వాకిలి నిండిపోయింది. పాలు పోయించుకున్న ఇళ్లవాళ్లు, ఆఫీసువాళ్లు, విశాఖపట్నం నుంచి ఫణి, బార్కస్ నుంచి రుఖియా. ఎండిపోయిన తొట్టి అంచున కూర్చుని నేను ఫోను తీసి, గిర్ని లిస్టులో ఒక వాక్యం రాయడం మొదలుపెట్టాను. పక్కనే ఉన్న ఫణి చూశాడు.

"అందరం ఇక్కడే ఉన్నాం కదరా. ఎవరికి రాస్తున్నావు?"

నేను చెప్పేలోపే రుఖియా అంది.

"రానోళ్లకి."